పసిబిడ్డ విశ్వాసం తల్లిదండ్రులకు ఏం నేర్పుతుంది?

సంక్షిప్తంగా: క్రైస్తవ కుటుంబాల్లో విశ్వాసం పెద్దల నుంచి పిల్లలకు అందుతుందని అందరూ అనుకుంటారు. సువార్తలు మాత్రం బిడ్డను పెద్దల మధ్య నిలబెట్టి, ఇలా మారండని పెద్దలకే చెబుతాయి. బైబిల్ వాక్యాన్నీ, పిల్లల మనసు మీద జరిగిన పరిశోధననూ, సంఘాల ఆచరణనూ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. పసిబిడ్డ విశ్వాసంలోని బలం అమాయకత్వంలో లేదు. తనకు చెప్పిన మాటను నిజమని పట్టుకుని దాని మీద నడవడంలో ఉంది. ఆ నడక పెద్దల మాటకూ చేతకూ మధ్య ఉన్న దూరాన్ని కూడా బయటపెడుతుంది.

తికమక ఎక్కడుంది

నాలుగైదేళ్ల బిడ్డ పడుకోబోయే ముందు చేసే ప్రార్థనలో పెద్దలు వాడే పదబంధాలు పెద్దగా ఉండవు. "యేసయ్యా, ఇవాళ తమ్ముణ్ణి కొట్టాను. సారీ. వాడి పంటి నొప్పి తగ్గించు. నువ్వు కూడా పడుకో, గుడ్ నైట్" అన్నట్టుగా సాగి టక్కున ఆగిపోతుంది. ఇశ్రాయేలును కాపాడేవాడు కునుకడు, నిద్రపోడు అని 121వ కీర్తన చెబుతోంది కాబట్టి సిద్ధాంతం ప్రకారం చూస్తే ఆ చివరి మాట తప్పే. అయినా ఆ బిడ్డ తన ఎదుట ఉన్న ఒకరితోనే మాట్లాడుతోందని వినేవారికి తెలిసిపోతుంది. పక్కనే కళ్లు మూసుకుని కూర్చున్న పెద్దవారు తమ ప్రార్థన గురించి అంత నిశ్చయంగా చెప్పుకోగలగడం అరుదు.

ఇక్కడి నుంచి ఆలోచన రెండు దారుల్లో పోతుంది. ఇవన్నీ చిలకపలుకులే, అర్థం తెలిసే వయసు వచ్చాక అసలు విశ్వాసం మొదలవుతుంది అనేది ఒక దారి. బిడ్డను దేవదూతను చేసి, నోట వచ్చిన ప్రతి మాటనూ పైనుంచి వచ్చిన సందేశంగా చెప్పుకోవడం రెండో దారి. మొదటి దారిలో పెద్దలు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. రెండోదాంట్లో మురిసిపోవడమే మిగులుతుంది. సువార్తల్లోని సన్నివేశాలను నిదానంగా చదివితే ఈ రెండు దారులూ వాటికి దూరంగానే కనిపిస్తాయి.

సువార్తల్లో బిడ్డ నిలబడిన చోటు

మత్తయి సువార్త 18వ అధ్యాయం శిష్యుల ప్రశ్నతో మొదలవుతుంది: పరలోకరాజ్యంలో ఎవరు గొప్పవాడు? యేసు ఒక చిన్నబిడ్డను దగ్గరికి పిలిచి వారి మధ్య నిలబెట్టి, మార్పు చెంది బిడ్డల్లాంటివారైతే తప్ప ఆ రాజ్యంలో అడుగుపెట్టలేరని జవాబిచ్చాడు. ప్రశ్న హోదా గురించి. కాబట్టి జవాబును కూడా ఆ కోణంలోనే చదవాలి.

ఆనాటి రోమా ప్రపంచంలో బిడ్డకు హోదా అనేదే లేదు. పుట్టిన శిశువును ఉంచుకోవాలో బయట వదిలేయాలో తండ్రి నిర్ణయించేవాడు. క్రీ.పూ. 1లో హిలారియోన్ అనే వ్యక్తి అలెగ్జాండ్రియా నుంచి గర్భవతి అయిన తన భార్యకు రాసిన ఉత్తరం ఐగుప్తులో తవ్వకాల్లో బయటపడింది. మగబిడ్డ పుడితే ఉంచు, ఆడబిడ్డ అయితే పారేయి అని అందులో మామూలు క్షేమసమాచారాల మధ్యే రాసి ఉంది. యూదులు ఈ అలవాటును ఘోరంగా ఎంచారు. అయినా వారిలో సైతం బిడ్డ ధర్మశాస్త్రం నేర్చుకోవాల్సినవాడే తప్ప నేర్పేవాడు కాడు. గొప్ప ఎవరని అడిగినవారి ముందు అలాంటి బిడ్డను నిలబెట్టడం వారి ప్రశ్ననే తలకిందులు చేసింది.

మార్కు 10వ అధ్యాయంలో కొందరు చిన్నబిడ్డలను యేసు దగ్గరికి తీసుకొస్తే శిష్యులు గద్దించారు. యేసు అది చూసి కోపపడ్డాడని మార్కు దాచకుండా రాశాడు. ఇదే సంఘటనను చెబుతూ లూకా వాళ్లు శిశువులంటాడు, అంటే చంకన ఎత్తుకునే పిల్లలు. ఈ చిన్న వివరం వ్యాఖ్యానాన్ని చాలా మారుస్తుంది. చంకబిడ్డకు సిద్ధాంతం తెలియదు, వినయం తెలియదు, క్షమించడమూ తెలియదు. అలాంటి బిడ్డ ఆదర్శంగా నిలిచిందంటే ఆమె సుగుణాలను బట్టి కాదు, ఆమె ఉన్న స్థితిని బట్టి. ఇచ్చిందాన్ని చేయిచాచి పుచ్చుకోవడం తప్ప ఆమెకు వేరే దారి లేదు. చిన్నబిడ్డవలె దేవుని రాజ్యాన్ని అంగీకరించడం అన్న మాట అక్కడికే చేరుతుంది.

పిల్లల స్వభావం గురించి సువార్తలకు భ్రమలేమీ లేవు. మత్తయి 11లో యేసు తన తరాన్ని సంతవీధుల్లో ఆడుకునే పిల్లలతో పోల్చాడు. పిల్లనగ్రోవి ఊదినా నాట్యం చేయరు, ప్రలాపించినా రొమ్ము కొట్టుకోరు. ఏ ఆటకూ కలిసిరాని మొండితనం అది. పౌలు కొరింథు సంఘానికి రాస్తూ గీత మరింత స్పష్టంగా గీశాడు: దుష్టత్వం విషయంలో శిశువుల్లా ఉండండి, బుద్ధి విషయంలో మాత్రం పెద్దవారై ఉండండి. అందుకే పిల్లల నుంచి నేర్చుకోవడం అంటే ఆలోచన మానేయడం అనుకోవడానికి వాక్యంలో ఆధారం లేదు.

ఏలీ నేర్చుకున్న తీరు

బిడ్డ నుంచి పెద్దవారు నేర్చుకోవడం ఎలా ఉంటుందో చూపే వృత్తాంతం పాత నిబంధనలో ఉంది. సమూయేలు మొదటి గ్రంథం 3వ అధ్యాయం ప్రకారం ఆ రోజుల్లో యెహోవా వాక్కు రావడం అరుదు. యాజకుడైన ఏలీకి చూపు మందగించింది. మందిరంలో పడుకున్న బాలుడైన సమూయేలుకు తన పేరు పిలుస్తున్నట్టు వినిపించింది. పరుగున ఏలీ దగ్గరికి వెళ్లాడు. నేను పిలవలేదు, వెళ్లి పడుకో అన్నాడు ఏలీ. ఇలా మూడుసార్లు జరిగింది.

ఇక్కడ ఇద్దరిలోనూ లోటుంది. సమూయేలు అప్పటికి యెహోవాను ఎరగడని వాక్యమే చెబుతోంది. పిలుపు వినిపిస్తోంది గానీ ఎవరిదో పోల్చుకోలేడు. ఏలీకి పోల్చుకునే అనుభవం ఉంది, పిలుపు మాత్రం అతనికి రావడం లేదు. మూడోసారి ఏలీ గ్రహించి, మళ్లీ వినిపిస్తే ఏమని బదులివ్వాలో నేర్పి పంపాడు. తనకు రాని పిలుపు ఒక పిల్లవాడికి వచ్చిందని ఒప్పుకోవడం ఆ స్థాయి యాజకుడికి తేలిక కాదు.

అసలు పరీక్ష తెల్లవారాక వచ్చింది. సమూయేలు విన్న సందేశం ఏలీ ఇంటి మీది తీర్పు. కుమారులు చెడిపోతుంటే అడ్డుకోలేదన్న నేరారోపణ. పిల్లవాడు చెప్పడానికి భయపడ్డాడు. ఏలీయే ఏదీ దాచవద్దని పట్టుబట్టి అడిగాడు, అంతా విన్నాడు, సెలవిచ్చినవాడు యెహోవా, తన దృష్టికి అనుకూలమైనది ఆయన చేయును గాక అన్నాడు. బిడ్డ నోట ముద్దుమాట వచ్చినప్పుడు వినడానికి ఎవరికైనా ఇష్టమే. తన పెంపకంలోని తప్పు బిడ్డ నోట వచ్చినప్పుడు కూడా చెవి మూసుకోకపోవడం ఏలీ చేసిన పని. ఇతర విషయాల్లో విఫలుడైన తండ్రిగా మిగిలిన ఏలీ ఈ ఒక్కచోట తల్లిదండ్రులకు దారి చూపుతాడు.

రాజుల రెండో గ్రంథంలో సిరియా సైన్యాధిపతి నయమాను ఇంట్లో బందీగా ఉన్న చిన్నపిల్ల సంగతి ఇంతకంటే చిన్నది. ఆమె పేరు కూడా రాయలేదు. షోమ్రోనులోని ప్రవక్త దగ్గరికి వెళ్తే అయ్యగారి కుష్ఠు నయమవుతుందని యజమానురాలితో అన్న ఒక్క మాటతో కథ కదిలింది. తనను ఎత్తుకొచ్చిన ఇంటివారి మేలు కోరిన మాట అది.

పసి మనసులో దేవుడు

పిల్లలు దేవుణ్ణి ఎలా అర్థం చేసుకుంటారన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం మనస్తత్వవేత్త జాఁ పియాజే చెప్పిందే చివరి మాటగా చెలామణి అయింది. చిన్నపిల్లలకు దేవుడంటే పెద్ద మనిషే, అమ్మానాన్నలకు ఆపాదించిన సర్వశక్తినే తర్వాత దేవుడికి బదిలీ చేస్తారు అన్నది ఆ వాదం సారం.

2001లో జస్టిన్ బారెట్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగం ఈ అవగాహనను కుదిపింది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు బిస్కెట్ల బొమ్మ ఉన్న పెట్టె చూపించారు. తెరిస్తే లోపల చిన్న రాళ్లున్నాయి. మూత మళ్లీ పెట్టేసి, ఇప్పుడు అమ్మ వచ్చి ఈ పెట్టె చూస్తే లోపల ఏముందనుకుంటుంది అని అడిగారు. మరీ చిన్నవాళ్లు రాళ్లనే అన్నారు. తమకు తెలిసింది అందరికీ తెలుసనుకునే వయసది. 5, 6 ఏళ్లు వచ్చేసరికి అమ్మ పొరబడుతుంది, బిస్కెట్లనుకుంటుంది అని చెప్పగలిగారు. మరి దేవుడో? దేవుడికి రాళ్లని తెలుసు అన్న జవాబు మాత్రం అన్ని వయసుల్లోనూ నిలిచింది. అంటే అమ్మ జ్ఞానానికి హద్దుందని తెలుసుకున్న పిల్లలు ఆ హద్దును దేవుడికి అంటగట్టలేదు. తర్వాత గ్రీసులోనూ అమెరికాలోనూ జరిగిన అధ్యయనాల్లో కొంత తేడా కనిపించింది. నాలుగేళ్ల ప్రాంతంలో కొందరు పిల్లలు దేవుడు కూడా పొరబడతాడన్నారు, మరికొంచెం ఎదిగాకే తేడా పట్టుకున్నారు. వాదం తెగలేదు గానీ, పసివాళ్లకు దేవుడు కేవలం పెద్ద సైజు నాన్న అన్న పాత మాట అంత సులువుగా నిలబడదని తేలింది.

మనస్తత్వవేత్త డెబోరా కెలెమెన్ అధ్యయనాలు మరో వైపు చూపాయి. రాళ్లు మొనదేలి ఎందుకున్నాయని అడిగితే, కాలక్రమంలో పొరలు పేరుకుని అలా అయ్యాయన్న వివరణ కంటే జంతువులు దురద పుడితే గోక్కోవడానికి అన్న వివరణే పిల్లలకు నచ్చింది. ప్రతిదానికీ ఒక ఉద్దేశం ఉందని చూడటం వాళ్ల మనసుకు సహజం.

ఈ ఫలితాలను విశ్వాసులు ఒకలా, సందేహవాదులు ఇంకోలా చదువుతారు. మనిషి దేవుణ్ణి ఎరిగేలా నిర్మితమయ్యాడనడానికి ఇది గుర్తు అంటారు విశ్వాసులు. మెదడు పనిచేసే తీరులో ఇదొక ఉపఫలితం, అంతకుమించి ఏమీ లేదంటారు సందేహవాదులు. ప్రయోగాలు ఆ తగువు తీర్చవు. తీర్చడానికి చేసినవీ కావు. తల్లిదండ్రులకు అక్కరకొచ్చే విషయం వేరే ఉంది: పిల్లలు విన్నదాన్ని విన్నట్టు తిరిగి అప్పజెప్పే యంత్రాలు కారు. దేవుడంటే ఎవరో తమ మనసులో తామే కట్టుకుంటూ, తేడాలు గమనిస్తూ, జవాబులు సరిచూసుకుంటూ ఉంటారు. బిడ్డ మాటను చిలకపలుకని కొట్టిపారేయడం ఇక్కడ కుదరదు.

మాట పట్టుకుని నడవడం

కంటికి కనపడని విషయాలన్నీ పిల్లలు ఇతరుల మాట మీదనే నమ్ముతారు. సూక్ష్మక్రిములున్నాయని, భూమి గుండ్రంగా ఉందని నమ్మేది కూడా అలాగే. దేవుడి సంగతీ ఇంతేనని పాల్ హారిస్ వంటి పరిశోధకులు చెబుతారు. చేతులు కడుక్కో, క్రిములుంటాయి అంటే కడుక్కున్నట్టే, దేవుడు వింటాడు అంటే బిడ్డ మాట్లాడుతుంది. పెద్దలు మామూలుగా అనేసే మాట బిడ్డకు ఆచరించాల్సిన సమాచారం. తల్లిదండ్రులు నేర్చుకోగలిగినదంతా ఈ తేడాలోనే ఉంది.

చాలా ఇళ్లలో జరిగేదే ఒకటి చూడవచ్చు. ఆరాధన అయ్యాక ఒకావిడ తన కాలు విరిగిందని, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోమని అడుగుతుంది. తప్పకుండా అక్కా, ప్రార్థిస్తాం అంటారు తల్లిదండ్రులు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ ఇంటికొచ్చేలోపు మరో పదిమాటల్లో కలిసిపోతుంది. పక్కన నిలబడి విన్న బిడ్డ ఆ రాత్రి ప్రార్థనలో ఆంటీ కాలును చేరుస్తుంది. మర్నాడూ చేరుస్తుంది. వారాలు గడిచాక ఒకరోజు అన్నం తింటూ, "ఆంటీ కాలు బాగయిందా అమ్మా?" అని అడుగుతుంది. అమ్మకు తెలియదు. ఫోన్ చేసి కనుక్కుంటే తప్ప బిడ్డకు జవాబు చెప్పలేదు. ప్రార్థిస్తామని మాట ఇస్తే ఆ మనిషిని మనసులో ఉంచుకోవాలని బిడ్డకు ఎవరూ విడిగా చెప్పలేదు. మాట అర్థమే అదనుకుంది.

మానవశాస్త్రవేత్త జోసెఫ్ హెన్రిక్ 2009లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ యంత్రాంగాన్ని వివరిస్తుంది. మనుషులు ఒక నమ్మకాన్ని మాట విని మాత్రమే స్వీకరించరు, చెప్పేవారు దానికోసం ఏం ఖర్చు పెట్టుకుంటున్నారో కూడా చూస్తారని ఆయన వాదన. పుట్టగొడుగు తినొచ్చని చెప్పేవాడు తాను తిని చూపితేనే మాటకు బరువు. విశ్వాసం పిల్లలకు అందడంలో తల్లిదండ్రుల ఆచరణ ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది. దీన్నే తిరగేసి చూస్తే బిడ్డ చేసే పని బోధపడుతుంది. పెద్దలు చెప్పినదాని మీద బిడ్డ తన సమయం, తన ఏకాగ్రత, ఒక్కోసారి తన బొమ్మ కూడా ఖర్చు పెడుతుంది. చెప్పినవారు అంత ఖర్చు పెట్టకపోతే ఆ తేడా ఇంట్లోనే, రోజూ కళ్లెదుట కనపడుతుంది. యోహాను 6లో యేసు వేలమందికి భోజనం పెట్టిన సందర్భంలో, అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలున్న బాలుడి పక్కన శిష్యుడు అంద్రెయ వేసుకున్న లెక్క, ఇంతమందికి ఇవి ఏమాత్రం, లెక్కగా సరైనదే. బాలుడి దగ్గరున్నది మాత్రం వడ్డనకు వెళ్లింది.

దేవుణ్ణి సూటిగా అడగడం గురించి కూడా ఇదే వర్తిస్తుంది. పెద్దల ప్రార్థనలు వయసుతో పాటు జాగ్రత్తపడతాయి. జరగకపోయినా ఇబ్బంది లేని విధంగా, ఆశీర్వదించు, నడిపించు, తోడుగా ఉండు వంటి విశాలమైన మాటల్లోకి జారతాయి. బిడ్డ మాత్రం పలానా నొప్పి, పలానా మనిషి, పలానా రోజు అని అడుగుతుంది. అడిగింది జరగకపోతే నిరాశపడే ప్రమాదాన్ని నెత్తిన వేసుకునే అడుగుతుంది. గెత్సేమనేలో యేసు చేసిన ప్రార్థనలో ఈ సూటితనం ఉంది, ఈ గిన్నె నా నుంచి తొలగించు అని. ఆ వెంటనే తండ్రి చిత్తానికి లోబడటమూ ఉంది. పెద్దల ప్రార్థనల్లో రెండో సగం మిగిలి మొదటి సగం జారిపోయినచోట బిడ్డ ప్రార్థన ఆ మొదటి సగాన్ని గుర్తుచేస్తుంది.

అద్దంలో పెద్దల ముఖం

బిడ్డ విశ్వాసం ఎప్పుడూ హాయిగొలిపేదిగానే ఉండదు. కొందరు పిల్లల దేవుడు కోపిష్ఠి. అబద్ధం చెబితే కళ్లు పోగొడతాడు, అన్నం వదిలేస్తే కొడతాడు. ఇలాంటి దేవుణ్ణి బిడ్డ ఎక్కడి నుంచి తెచ్చుకుంది? మనోవైద్యురాలు ఆనా మరియా రిజూటో 1979లో వెలువరించిన అధ్యయనంలో, మనిషి లోపలి దేవుడి రూపం తల్లిదండ్రులతో ఉన్న తొలి సంబంధాల ముడిసరుకుతో తయారవుతుందని వాదించింది. పూర్తిగా వారి నకలు కాదు, కానీ వారి ఛాయలు తప్పవు. అందుకే బిడ్డ దేవుడి గురించి చెప్పే మాటలు తల్లిదండ్రులకు ఒక అద్దం. క్రమశిక్షణ కోసం దేవుడి పేరు ఎన్నిసార్లు వాడారో, క్షమాపణ గురించి ఎన్నిసార్లు మాట్లాడారో అందులో తెలిసిపోతుంది. దేవుడు చూస్తున్నాడు జాగ్రత్త అన్న మాట ఒక ఇంట్లో కాపలాగా వినిపిస్తే, ఇంకో ఇంట్లో బెదిరింపుగా వినిపిస్తుంది. ఏది వినిపించిందో బిడ్డ ప్రార్థనే చెబుతుంది.

నాలుగో శతాబ్దపు బాలుడొకడి ప్రార్థన ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. తర్వాత బిషప్పు, వేదాంతి అయిన అగస్టీన్ తన ఒప్పుకోలు గ్రంథం మొదటి భాగంలో, బడిలో దెబ్బలు తప్పించమని పసితనంలో దేవుణ్ణి ఎంతో గట్టిగా వేడుకునేవాణ్ణని రాశాడు. చిన్నవాణ్ణే గానీ నా ఆర్తి చిన్నది కాదన్నది ఆయన మాట సారం. దెబ్బలు తప్పలేదు. పెద్దలు, కన్నవారు సైతం, ఆ దెబ్బలను చూసి నవ్వేవారు. తన కొడుకు రక్షణ కోసం ఏళ్ల తరబడి కన్నీళ్లతో ప్రార్థించిన తల్లిగా మోనికాకు చరిత్రలో పేరుంది. ఆ ఇంట్లోనే ఒక పసివాడి ప్రార్థన నవ్వులాట అయింది. భక్తి ఉన్న ఇంట్లో కూడా బిడ్డ ప్రార్థనను ప్రార్థనగా లెక్కించకపోవడం ఎంత తేలికో ఇది చూపుతోంది. అదే అగస్టీన్ 386లో మిలాన్ తోటలో మథనపడుతుండగా పొరుగింటి నుంచి ఒక బిడ్డ గొంతు, తీసి చదువు, తీసి చదువు అని వినిపించిందని, అది ఆటలోని మాటేమోనని మొదట తర్జనభర్జన పడి చివరకు ఆజ్ఞగా తీసుకున్నానని రాశాడు. క్రైస్తవ లోకాన్ని శతాబ్దాలపాటు ప్రభావితం చేసిన ఒక మలుపు, ఆయన క్రైస్తవ విశ్వాసంలోకి రావడం, అలా వచ్చింది.

ప్రశ్న కూడా ఆరాధనలో భాగమే

దేవుణ్ణి ఎవరు చేశారు, తాతయ్య పరలోకంలో ఏం చేస్తుంటాడు, దేవుడు మంచివాడైతే సాతానును ఎందుకు వదిలేశాడు. ఇలాంటి ప్రశ్నలు చాలామంది తల్లిదండ్రులకు చికాకు తెప్పిస్తాయి, లేదా కంగారు పెడతాయి. బైబిల్ కట్టడి మాత్రం ప్రశ్నను ముందే ఊహించి దానికి చోటు ఉంచింది. నిర్గమకాండం 12లో పస్కా ఆచారాన్ని నియమిస్తూనే, మీ పిల్లలు దీని భావమేమిటని అడిగితే ఇలా చెప్పండి అని ఉంది. యెహోషువ 4లో యొర్దాను నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి నిలబెట్టిందే రేపు పిల్లలు అడగాలని. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వారి మాటలు వింటూ, వారిని ప్రశ్నలడుగుతూ కనిపించాడని లూకా రాశాడు.

ఈ వరుసలో గమనించాల్సింది, జవాబు చెప్పే పెద్దవారు ప్రతిసారీ తమ సొంత కథనే మళ్లీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఆచారం అలవాటైపోయినవారికి దాని కారణం మరుగునపడుతుంది. బిడ్డ అడగడంతో అది తిరిగి నోటికొస్తుంది. బిడ్డ ప్రశ్నలకు కొన్నిసార్లు తల్లిదండ్రుల దగ్గర జవాబుండదు. అప్పుడు నాకూ తెలియదు, ఇద్దరం కలిసి చూద్దాం అనడం విశ్వాసానికి లోటు కాదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడంతోనే నష్టం మొదలవుతుంది. ఆ జవాబు అబద్ధమని తేలిన రోజున మిగతా జవాబులు కూడా అనుమానంలో పడతాయి.

ప్రొటెస్టంటు సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో కుటుంబ పెద్దలు ఇంట్లోవాళ్లకు నేర్పేందుకు చిన్న ప్రశ్నోత్తరావళి రాశాడు. అదే ఏడాది వెలువడిన పెద్ద ప్రశ్నోత్తరావళికి 1530లో చేర్చిన ముందుమాటలో తన సంగతి చెప్పుకున్నాడు: తాను పండితుడు, బోధకుడు అయినా, పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణాన్ని, పరలోక ప్రార్థనను రోజూ పసివాడిలా మాట మాటా చదువుకుంటానని, ఇంకా వాటి విద్యార్థినేనని. పిల్లలకు నేర్పే పాఠాన్ని పిల్లల పక్కన కూర్చుని తానూ చదువుకోవడం బోధకుడి స్థాయికి తక్కువేమీ కాదని ఆయన ఉద్దేశం.

సంఘాలు ఎలా లెక్కిస్తాయి

బిడ్డ విశ్వాసం నిజమైనదేనా అన్న ప్రశ్నకు క్రైస్తవ సంఘాలు ఒకే జవాబు ఇవ్వలేదు. ఆర్థడాక్స్ సంఘాల్లో శిశువుకు బాప్తిస్మంతో పాటే అభిషేకం, ప్రభు భోజనం కూడా ఇస్తారు. అర్థం చేసుకోవడం తర్వాత వస్తుంది. కాథలిక్ సంఘంలో తొలి దివ్యసత్ప్రసాదం (ప్రభు భోజనం) చాలాచోట్ల 10 నుంచి 14 ఏళ్ల దాకా ఆగేది. 1910లో పదో పయస్ పోపు ఇచ్చిన ఆదేశంతో అది దాదాపు ఏడేళ్లకు దిగింది. మామూలు ఆహారానికీ ఈ రొట్టెకూ తేడా తెలిస్తే చాలన్నది అక్కడి కొలత. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు సొంత నోటితో ఒప్పుకుని మారుమనస్సు పొందిన తర్వాతే బాప్తిస్మం ఇస్తాయి.

అమెరికా వేదాంతి హోరేస్ బుష్నెల్ 1847లో వెలువరించిన వాదం ఈ చర్చలో దుమారం లేపింది. క్రైస్తవ ఇంట్లో పెరిగే బిడ్డ తాను క్రైస్తవుడు కాని రోజును ఎరగకుండానే ఎదగాలని ఆయన అన్నాడు. ఒక నిర్దిష్ట దినాన మారుమనస్సు పొందాలన్న ఉజ్జీవ సంప్రదాయానికి ఇది మింగుడుపడలేదు. రోములో సోఫియా కావల్లెట్టి 1954లో, జన్నా గొబ్బీతో కలిసి, మాంటిస్సోరి పద్ధతిలో మొదలుపెట్టిన బోధన మరో అడుగు వేసింది. మూడేళ్ల నుంచే పిల్లల చేతికి మంచి కాపరి, గొర్రెల చెక్కబొమ్మలు ఇచ్చి, పెద్దలు తక్కువ మాట్లాడి ఎక్కువ గమనించే విధానం అది. పిల్లలకు ఏ ఉపమానాలు లోతుగా తాకుతున్నాయో చూసి పాఠక్రమాన్ని వాటిని బట్టి దిద్దుకున్నారు. అంటే బోధించేవారే విద్యార్థులయ్యారు.

విశ్వాసం ఎప్పటి నుంచి లెక్కకు వస్తుందన్న దగ్గరే ఈ సంప్రదాయాలు విడిపోతాయి. బాప్తిస్మం ఇంకా దూరంగా ఉన్న ఇంట్లో కూడా బిడ్డ ప్రార్థన నుంచి పెద్దలు నేర్చుకోవచ్చు. ఆ నేర్చుకోవడానికి సిద్ధాంత తగాదా అడ్డు రాదు.

నేర్చుకోకూడనివి

చిన్నపిల్లల ఆలోచనలో ఊహకూ వాస్తవానికీ మధ్య గోడ పలచన. తాను అనుకున్నందువల్లే ఒకటి జరిగిందని, తాను చెడ్డగా ఉన్నందువల్లే ఇంకొకటి జరగలేదని అనుకోవడం ఆ వయసులో మామూలు. దీన్ని గొప్ప విశ్వాసంగా పొగిడితే ప్రమాదం. అమ్మమ్మ కోసం రోజూ ప్రార్థించిన బిడ్డ, అమ్మమ్మ చనిపోయినప్పుడు తన ప్రార్థన చాలలేదని, తాను అల్లరి చేసినందుకే దేవుడు వినలేదని లోలోపల నిర్ణయించుకోవచ్చు. బయటికి చెప్పకపోవచ్చు కూడా. నీ వల్ల కాదు అని పెద్దలు ఆమెకు విడమరిచి, ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి ఉంటుంది. బిడ్డ నమ్మకం నుంచి నేర్చుకునేవారు ఆ నమ్మకాన్ని మోయలేని బరువు కింద పెట్టకుండా కాపాడాలి కూడా.

రెండో ప్రమాదం ప్రదర్శన. బిడ్డ ప్రార్థనను ఫోన్‌లో వీడియో తీసి పదిమందికి పంపడం, అతిథుల ముందు ప్రార్థన చేయమని అడగడం, చిన్న ప్రసంగీకుడిగా వేదిక ఎక్కించడం ఇప్పుడు తేలికైపోయింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ప్రార్థన వింటున్నది దేవుడా, కెమెరానా అన్న తేడా బిడ్డ త్వరగా పసిగడుతుంది. చప్పట్లు వచ్చే మాటలు ఎక్కువవుతాయి, తమ్ముణ్ణి కొట్టానన్న మాట మాయమవుతుంది. మనుషులకు కనబడాలని ప్రార్థించవద్దని, గదిలోకి వెళ్లి తలుపేసుకోమని మత్తయి 6లో యేసు చెప్పిన మాట పెద్దలకు చెప్పిందే అయినా, దాన్ని సహజంగా పాటించేది పసిపిల్లలే. ఆ సహజత్వాన్ని పెద్దలే చెరపడం విచారకరం. బిడ్డను మధ్యన నిలబెట్టిన ఆ 18వ అధ్యాయంలోనే, ఈ చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచడం కంటే మెడకు తిరుగటిరాయి కట్టుకుని సముద్రంలో మునగడం మేలన్న హెచ్చరిక కూడా ఉంది.

వయసుతో వచ్చే మార్పు

పసివయసు విశ్వాసం అలాగే ఉండిపోదు. డయాన్ లాంగ్, డేవిడ్ ఎల్కైండ్, బెర్నార్డ్ స్పిల్కా 1967లో ప్రచురించిన అధ్యయనంలో ప్రార్థన గురించి పిల్లల అవగాహన మెట్లుమెట్లుగా మారడం కనిపించింది. 5 నుంచి 7 ఏళ్ల మధ్య అది మసకగా ఉంటుంది. 7 నుంచి 9 మధ్య మాటలతో, చేతలతో చేసే పనిగా స్థిరపడుతుంది. ఆ తర్వాత పన్నెండేళ్ల లోపు లోపల జరిగే సంభాషణగా మారుతుంది. జేమ్స్ ఫౌలర్ 1981లో విశ్వాస దశలను వర్గీకరించినప్పుడు కూడా, ఊహ ప్రధానంగా ఉండే తొలి దశ బడి వయసుకు వచ్చేసరికి కథలను అక్షరాలా తీసుకునే దశకు దారిస్తుందని చూపాడు.

ఆపై పిల్లలు పోల్చడం మొదలుపెడతారు. ఆదివారం మాట, సోమవారం చేత పక్కపక్కన పెట్టి చూస్తారు. 2005లో క్రిస్టియన్ స్మిత్, మెలిందా డెంటన్ అమెరికా కౌమారుల మీద వెలువరించిన పెద్ద అధ్యయనం, పిల్లల మతజీవితం మీద అందరికంటే ఎక్కువ ప్రభావం తల్లిదండ్రులదేనని తేల్చింది. కాలిఫోర్నియాలో 1970లో మొదలై 35 ఏళ్లపాటు అనేక తరాలను వెంబడించిన వెర్న్ బెంగ్ట్‌సన్ పరిశోధన 2013లో పుస్తకంగా వచ్చింది. విశ్వాసం తర్వాతి తరానికి అందడంలో ఉపదేశం ఒక్కటే చాలదని, తల్లిదండ్రులతో, ముఖ్యంగా తండ్రితో, ఉన్న ఆప్యాయత నిర్ణాయకమని అందులో ఉంది.

నాలుగైదేళ్ల వయసులో బిడ్డ ఆ పోలిక ఇంకా మొదలుపెట్టదు. అమ్మానాన్నలు చెప్పింది అమ్మానాన్నలు కూడా చేస్తారనే నమ్మకంతో ఉంటుంది. వారి మాటకూ చేతకూ మధ్య దూరం ఉంటే ముందుగా తెలిసేది వారికే. బిడ్డ దాన్ని గమనించే వయసుకు రావడానికి మధ్యలో కొన్నేళ్ల వ్యవధి ఉంటుంది. ప్రార్థిస్తామన్న మనిషికి ఫోన్ చేయడం, కోప్పడ్డాక బిడ్డనే క్షమించమని అడగడం, బిడ్డ ప్రార్థన వంతు వచ్చినప్పుడు మధ్యలో దిద్దకుండా ఆఖరిదాకా వినడం వంటివి ఆ వ్యవధిలో చేసుకోగలిగిన పనులు.